మా ఇంటి టూలెట్ నేనే చదివాను

ఒడిశాలోని రాయగడలో మా వీధికి కేబుల్ కనెక్షన్లు ఇచ్చిన అన్న ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, "పిన్నీ, మీ అమ్మాయిని టీవీలో వార్తలు సదవడానికి పంపుతావేటి?" అని అడిగాడు.

అమ్మ ఢిల్లీ అనుకుంది. "ఒక్కద్దాన్నీ అంత దూరం ఎలగ పంపుతాన్రా?" అంది.

ఆయన నవ్వి, "దూరమేటి పిన్నీ, సైకిల్ షాపు మేడ మీదే కదా" అన్నాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను డిగ్రీ పూర్తిచేసి, చుట్టుపక్కల పిల్లలకి ట్యూషన్లు చెబుతూ ఇంట్లోనే ఉన్నాను. నాన్న మునిసిపాలిటీలో మంచినీళ్ళ వాల్వులు తిప్పే పని చేసేవాడు. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి కూలికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండ ఊళ్ళవాళ్ళతో దేశియా. తెలుగు అక్షరాలు అమ్మ కొనుక్కునే వారపత్రికల్లో చూసి నేర్చుకున్నాను గానీ, తడుముకోకుండా చదవడం వచ్చేది కాదు. ఆ సంగతి అన్నకి ముందే చెప్పేశాను.

"తెలుగు వార్తలు ఒడియా అక్షరాల్లో రాసుకుంటాను, పర్లేదేటి?"

"నీ కాయితం టీవీలో ఎవడికి కనిపిస్తాది అమ్మీ? మాట వినిపిస్తే సాలు" అన్నాడు.

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సైకిల్ షాపు మేడ మీదికి వెళ్ళేదాన్ని. గోడకి ఆకుపచ్చ దుప్పటి కట్టి, ముందొక బల్ల వేసి ఉండేది. కెమెరా తిరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపేయాలి, లేకపోతే దాని చప్పుడు వార్తల్లోకి వచ్చేస్తుంది. నుదుటి మీద చెమట కనబడకుండా, మధ్యలో ఆగి ముఖం తుడుచుకుని మళ్ళీ చదివేదాన్ని. కరెంటు పోతే కాయితంతోనే విసురుకుంటూ కూర్చునేదాన్ని. ఆ క్యాసెట్టు సాయంత్రం ఊళ్ళో వేసేవాళ్ళు. ముందు ఒడియాలో, తరవాత తెలుగులో.

వార్తలంటే పెద్ద వార్తలేం కావు. ఏ వీధికి నీళ్ళు ఏ పూట వస్తాయి, కొరాపుట్ పాసింజరు ఎంత ఆలస్యం, కాశీపూర్ బస్సు ఇవాళ టికిరి దాకానే వెళ్ళింది, ఫలానా వీధిలో ఎర్ర ఆవు తప్పిపోయింది, కొరాపుట్ అవతల కుందుర నుంచి కొత్త బియ్యం లారీలు దిగాయి. ఇవన్నీ చెప్పాక కూరగాయల ధరలు, చివర్న టూలెట్లు, అంటే అద్దెకిచ్చే ఇళ్ళు. ఆ ధరల కోసం పొద్దున్నే సంచీ పట్టుకుని మార్కెట్టుకి నేనే వెళ్ళేదాన్ని. ఎలాగూ ఇంటికి కూర తేవాలి కదా.

మొదటి వారం నేను పత్రికల్లో ఉండే తెలుగులాగా బిగుసుకుని చదివాను. "నువ్వు సదువుతుంటే మనూరు కాదనిపించింది" అంది అమ్మ. ఆ మాట పట్టుకుని మెల్లగా మామూలుగా చెప్పడం మొదలుపెట్టాను. ధర ఒక్కటే చెబితే సరిపోదని కూడా అనిపించింది. టమాటా ధర దిగింది, అయితే మెత్తబడిపోయింది, ఇవాళ వండేస్తేనే కొనుక్కోండి. బీరకాయలు నవనవలాడుతున్నాయి, ధర మాత్రం నిన్నటికన్నా ఎక్కువ. ఇలా మంచీ చెడూ రెండూ చెప్పేదాన్ని. ఆడవాళ్ళకి అది నచ్చింది. మార్కెట్లో బేరం ఆడుతూ "నిన్న టీవీలో అమ్మాయి ఇలగ సెప్పనేదే" అంటూండగా నా చెవులతో నేనే విన్నాను.

మాకు టీవీ లేదు. మేం అద్దెకుండే వాటా, ఒక పెద్ద ఇంటి వెనకాల పెరట్లో ఉండే వరస ఇళ్ళలో చివరిది. ముందుండే ఆ పెద్ద ఇంట్లో సావుకారమ్మ ఉండేది. ఆ వరసంతా ఆమెదే. విజయనగరం దగ్గర నుంచి వచ్చి ఇక్కడ నూనెలూ పప్పులూ హోల్‌సేల్ పెట్టిన కుటుంబం వాళ్ళది. సావుకారు పోయాక కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. సాయంత్రం అయ్యేసరికి వాటాల వాళ్ళమంతా సావుకారమ్మ ముందుగదిలో నేల మీద కూర్చునేవాళ్ళం. ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని, నేను తెర మీద కనిపించగానే, "ఇదిగో, మన అమ్మి వచ్చీసింది, ఊరుకోండి అందరూ" అని గదమాయించేది. పక్కనే కూర్చున్న నన్ను చూడకుండా తెరలో ఉన్న నన్నే చూసేది.

ఆ రోజుల్లోనే ఊరు పెరగడం మొదలైంది. టికిరి దగ్గర డొరగుడలో అల్యూమినా ఫ్యాక్టరీ కడతారని చాలాకాలంగా వింటున్నాం. ఇప్పుడు నిజంగానే మనుషులు రావడం మొదలుపెట్టారు. ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, వాళ్ళ గుమాస్తాలు. అక్కడ ఉండడానికి ఇళ్ళు లేవు కాబట్టి కుటుంబాల్ని రాయగడలో పెట్టి, పొద్దున్నే జీపుల్లోనో పాసింజర్లోనో వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళు. కోడిగుడ్డు దగ్గర్నుంచి రిక్షా దాకా అన్నిటికీ రెండేసి ధరలు వచ్చాయి. ఒకటి మన రేటు, రెండోది కంపెనీ రేటు. కొన్నాళ్ళకి మన రేటు అడిగితే కొట్టువాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అడిగినంత ఇచ్చేవాళ్ళు, అంతే. వాళ్ళకి బేరం ఆడే తీరిక ఉండేది కాదు.

నాన్నకి కూడా ఆ వేడి తగిలింది. కొత్తగా కట్టిన ఇళ్ళవైపు నీళ్ళు ముందు వదలమని పైనుంచి చెప్పారు. పాత వీధులకి కుళాయి రోజు విడిచి రోజు అయింది. నాన్న సైకిల్ మీద కనబడితే బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు అడ్డం నిలబడేవాళ్ళు. "నానేటి సేస్తానమ్మా, తిప్పమన్న కాడే తిప్పుతాను" అనేవాడు నాన్న. ఆ వార్త కూడా నేనే చదివాను. "పాత వీధులకు నీళ్ళు రేపు రావు, ఎల్లుండి వస్తాయి" అని. ఆ రాత్రి నాన్న అన్నం తింటూ, "ఇంట్లో ఒకలు నీళ్ళాపేవోడు, ఒకలు సాటింపేసీది. మంచి కుటుంబం" అన్నాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున్న సావుకారమ్మ నన్ను పిలిచింది. పెరటి గట్టు మీద చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. పక్కన కూర్చోమంది. నేనూ నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.

"అమ్మీ, మావోడు అంటన్నాడు, సివరి వాటా కంపెనీ వోలకిస్తే మూడింతలు వస్తాదట. మీ నాన్నతో నిన్ననే సెప్పీసేను. రేపే ఎల్లిపోమనట్లేదు. ఎండలు ఎల్లేక సూసుకుందురు."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నాన్న ఇంట్లో ఏమీ చెప్పలేదు.

ఆమె అదే గొంతుతో, "టీవీలో అద్దె ఇళ్ళ గురించి సెప్తావు గదా, ఇది కూడా సెప్పీ. ఆ కుర్రోడు డబ్బులు తీసుకుంటాడేటి?" అంది.

"టూలెట్లకి తీసుకుంటాడు సావుకారమ్మా."

"నీకాడ కూడానా? మనింటి పిల్లవి."

నాకు కోపం రావాలి. కానీ ఆమె ముఖంలో మోసమేం లేదు. ఇల్లు ఖాళీ చేయించడం ఒక సంగతి, నేను మనింటి పిల్లని కావడం ఇంకో సంగతి. ఆమె మనసులో ఆ రెండూ పక్కపక్కనే హాయిగా కూర్చున్నాయి. నేను పుట్టినప్పుడు వేడినీళ్ళు కాచింది ఆమేనని అమ్మ చెబుతూండేది. సరే అని లేచి వచ్చేశాను.

నాన్న పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూంటే అడిగాను. "సావుకారమ్మ నిన్ననే సెప్పిందట. మాకు సెప్పలేదేటి నాన్నా?"

"నీకు సెప్తే వార్తల్లో సెప్పీస్తావని" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. తరవాత అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఊరికే గిన్నెలు ఇటువి అటు, అటువి ఇటు పెడుతూ ఉండిపోయింది. నాన్న ఆ పూట సైకిల్ గొలుసుకి నూనె వేసుకుంటూ చాలాసేపు బయటే కూర్చున్నాడు.

మధ్యాహ్నం మేడ మీద కేబుల్ అన్నకి సంగతి చెప్పాను. "నీకు బాధనిపిస్తే నాను సదివీస్తాను" అన్నాడు. వద్దన్నాను. ఎవరో ఒకరు చదవాల్సిందే. ఆ ఇల్లు తెలిసిన మనిషి చదివితేనే నయం అనిపించింది. సావుకారమ్మకి కావలసింది మామూలుగా అందరూ చెప్పించే నాలుగు మాటలే. కానీ బల్ల ముందు కూర్చుని ఆ నాలుగు మాటలూ అంటూంటే అది మా ఇల్లులా అనిపించలేదు. ఎవరిదో ఇంకో ఇల్లు. ఫ్యాను ఆగిపోయి ఉంది. కెమెరా తిరుగుతోంది. నేను కాయితం పక్కన పెట్టేసి చెప్పుకుపోయాను.

"సావుకారమ్మ గారి పెరట్లో చివరి వాటా అద్దెకు ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు. పెరట్లో నుయ్యి ఉంది, వేసవిలో కూడా ఎండదు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వానాకాలంలో వంటింటి పడమటి గోడ చెమ్మ పడుతుంది, ఆ గోడకి బియ్యం డబ్బా ఆనించకూడదు. మధ్యాహ్నం వెనక తలుపు తీసి పెడితే గాలి బాగా వస్తుంది. ముందుగదిలో మంచం కిటికీ వైపు వేసుకుంటే తెల్లవారగానే వెలుతురు పడుతుంది. ఇల్లుగల ఆవిడ మంచిది."

ఆ సాయంత్రం ఎప్పటిలాగే అందరం సావుకారమ్మ ముందుగదిలో కూర్చున్నాం. ఆ రోజు నాన్న కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నీళ్ళ వేళలయ్యాయి, కూరగాయలయ్యాయి. టూలెట్ వచ్చింది. పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. సావుకారమ్మ మంచం మీద నిటారుగా లేచి కూర్చుంది.

"అమ్మీ, నువ్వు నా ఇల్లు అద్దెకిచ్చినట్టా, సెడగొట్టినట్టా?"

"ఉన్నదే సెప్పేను సావుకారమ్మా."

"గోడ కారుతాదని నాకెప్పుడైనా సెప్పేరేటి?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ మాట్లాడింది. ఆ గదిలో అమ్మ గొంతెత్తడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా పెద్దగా ఎత్తలేదు. "ఏటేటా సెప్పేం సావుకారమ్మా. ఈ ఏడు టీవీలో సెప్పింది."

ఎవరూ నవ్వలేదు. సావుకారమ్మ అమ్మవైపు కాసేపు చూసి, మళ్ళీ దిండుకి ఆనుకుంది. తరవాత ఏదో సినిమా వేశారు. అందరం అది చూస్తున్నట్టు కూర్చుని, ఒక్కొక్కరే లేచి వచ్చేశాం.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "కోపంతో సెప్పేవా?"

"కోపంతో అయితే గాలి గురించి సెప్పకపోదును" అన్నాను. అమ్మ ఒప్పుకున్నట్టే తలాడించింది. నాకైతే ఈ రోజుకీ పూర్తిగా తెలీదు. మాట బయటికి వచ్చేటప్పుడు అందులో ఎంత కోపం, ఎంత ప్రేమ కలిసి ఉన్నాయో మనిషి తూచుకుని చూడడు కదా.

ఇల్లు చూడడానికి జనం రావడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళూ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేవాళ్ళు. అమ్మ వంట చేసుకుంటూ పక్కకి జరిగేది. నలుగురైదుగురు అలా చూసి వెళ్ళిపోయాక సావుకారమ్మ కొడుకు మేస్త్రీని తెచ్చాడు. గోడ సున్నం గీకించి, సిమెంటు వేయించి, పైన పగిలిన పెంకులు మార్పించాడు. ఆ పని జరిగినన్నాళ్ళూ అమ్మ నూతి గట్టు పక్కన మూడు రాళ్ళు పెట్టి వండింది. పని పూర్తయ్యాక తెల్లగా మెరుస్తున్న గోడని చూసి, "ఇన్నేళ్ళూ కారి కారి, మనం ఎల్లిపోయేముందు బాగయ్యింది" అంది. ఆ మాటలో ఏడుపు లేదు. వింత చూసినట్టు అంది.

పక్క వాటా ఆవిడ మాత్రం నన్ను పట్టుకుని, "మా కప్పు సంగతి కూడా ఒకపాలి టీవీలో సెప్పమ్మా" అని బతిమాలింది. కేబుల్ అన్న ఇంకోలా గొణుక్కున్నాడు. "ఇల్లు అద్దెకిచ్చీవోలు నీకు భయపడి రావట్లేదు. అద్దెకి ఎతుక్కునీవోలేమో నీ వార్తలకే కూకుంటన్నారు. నానెవలకాడ డబ్బులు తీసుకోవాలి సెప్పు?" అయినా నన్ను మానెయ్యమనలేదు.

చివరికి ఆ ఇంట్లో దిగినవాళ్ళు నెల్లూరు వైపు తెలుగువాళ్ళు. ఆయన ఫ్యాక్టరీ కట్టే చోట సూపర్‌వైజరు. ఆమె నాకంటే కొంచెం చిన్నది, నిండు గర్భిణి. వాళ్ళ తెలుగు మాకూ, మా తెలుగు వాళ్ళకీ కొత్తగా ఉండేది. ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు ఆమె గోడ ముట్టుకోలేదు. "గాలి వచ్చే తలుపు ఏదండీ?" అని అడిగింది. నేను తీసి చూపించాను. మధ్యాహ్నం వేళ. నిజంగానే గాలి వచ్చింది. ఆమె గడప మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ మనిషి మీద నాకు అసూయ ఉంటుందనుకున్నాను. ఆ వేళ మాత్రం లేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

మేము రైలు పట్టాల అవతలికి మారిపోయాం. అక్కడ అప్పటికి అన్నీ రేకుల ఇళ్ళే. అద్దె మా శక్తికి తగ్గట్టు ఉండేది. మిగతావన్నీ మాత్రం దూరం. అద్దెలో మిగిలింది రిక్షాలకీ పాలకీ పోయేది. నాన్న అదివరకు అయిదు నిమిషాల్లో వాల్వు దగ్గరికి వెళ్ళేవాడు. ఇప్పుడు గేటు పడితే సైకిల్ దిగి గూడ్సు బండి మొత్తం వెళ్ళేదాకా నిలబడాలి. ఆలస్యమైతే వీధులన్నీ ఆయన పేరే తలుచుకునేవి. వాన కురిసినప్పుడు రేకుల మీద చప్పుడికి మాట వినబడేది కాదు. అమ్మ నాన్న చెవి దగ్గరికి వెళ్ళి గట్టిగా అన్నం పెట్టానని అరిచేది. ఆ వీధికి కేబుల్ తీగ రాలేదు. అందుకని రాత్రి అన్నాల దగ్గర వార్తలు మళ్ళీ అమ్మకి చెప్పేదాన్ని. చదివినట్టు కాదు, మామూలుగా.

కొన్నాళ్ళకి టికిరిలో కొత్తగా పెట్టిన ఒక చిన్న బడిలో నాకు టీచరు పని దొరికింది. పొద్దున్న పాసింజరుకి వెళ్ళి సాయంత్రం తిరిగి రావాలి. మధ్యాహ్నాలు కుదరవు కాబట్టి వార్తలు మానేశాను. కేబుల్ అన్న ఇంకో అమ్మాయిని పెట్టాడు గానీ, పెద్ద ఛానెళ్ళు వచ్చాక ఊరి వార్తలు చూసేవాళ్ళు తగ్గి, అది ఆగిపోయింది. నాకు ఆ లోటు అంతగా తెలియలేదు. పాసింజర్ పెట్టె నిండా మాలాంటివాళ్ళే. రాయగడలో అద్దెలు కట్టలేక దూరం వెళ్ళినవాళ్ళు, దూరం నుంచి రాయగడకి పనికొచ్చేవాళ్ళు. మేస్త్రీలు, నర్సమ్మలు, ఆకుకూరల గంపలు పెట్టుకున్న కొండ ఊళ్ళ ఆడవాళ్ళు. సొరంగంలోకి బండి వెళ్ళినప్పుడు అందరి మాటలూ ఒక్కసారి ఆగి, వెలుగు రాగానే ఆగిన చోటి నుంచే మొదలయ్యేవి.

ఒక వర్షాకాలం ఆదివారం మా రేకుల ఇంటి ముందు రిక్షా ఆగింది. సావుకారమ్మ దిగింది. తడిసిన చీర కొంగు పిండుకుంటూ లోపలికొచ్చి, పీట వెయ్యబోతే వద్దని నేల మీదే కూర్చుంది. కొడుకు ఆ వరసంతా పడగొట్టించి లాడ్జి కడుతున్నాడట. ముందున్న పెద్ద ఇల్లు కూడా పడగొట్టాడు. ఆమెకి కొట్టు మీద మేడగది ఇచ్చాడు. నెల్లూరు అమ్మాయీ వాళ్ళాయనా పాపని ఎత్తుకుని, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారట.

"మంచిగానే సూస్తన్నాడు. ఫ్యాను పెట్టించేడు, కలర్ టీవీ పెట్టించేడు. ఎవలొస్తారు సూడ్డానికి? మెట్లెక్కి ఎవలూ రారు" అంది. అమ్మవైపు తిరిగి, "మీ ఈధిలో ఒక గది ఉంటాదేటి? నాకే" అంది.

అమ్మ ఆమెవైపు చూసింది. తరవాత లేచి, "ముందు అన్నం తినండి" అంది. ఇన్నేళ్ళలో సావుకారమ్మ మా ఇంట్లో భోజనం చెయ్యడం అదే మొదటిసారి. పప్పుచారూ, వేపిన ఎండుమిరపకాయలూ, అప్పటికప్పుడు కోసిన వంకాయ కూర. కడుపునిండా తిని, చాప మీద పడుకుని, వాన చప్పుడుకి చెదరకుండా నిద్రపోయింది. ఆమె నిద్రపోతూంటే అమ్మ పక్కింటికి వెళ్ళి ఖాళీ గది గురించి నిజంగానే అడిగి వచ్చింది. గది ఉంది. దాని అద్దె కూడా అప్పటికే పెరిగిపోయింది.

సాయంత్రం కొడుకు స్కూటరు మీద వెతుక్కుంటూ వచ్చాడు. కోప్పడలేదు. గుమ్మం బయటే నిలబడి, "అమ్మా, నలుగురూ ఏటనుకుంటారు? పద" అన్నాడు. ఆమె లేచి చెప్పులేసుకుంది. అమ్మ చేతిని ఒక్కసారి పట్టుకుని వదిలేసింది. స్కూటరు వెనక పక్కకి కూర్చుని, తలమీద కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత అమ్మ బజారుకెళ్ళిన ప్రతిసారీ ఆ కొట్టు పక్కనున్న మెట్లెక్కి వెళ్ళి వచ్చేది. మోకాళ్ళ నొప్పులు అమ్మకీ ఉన్నాయి. ఒక గంట కూర్చుని వచ్చేది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏటి మాటాడతాం, ఊరకే కూకున్నాం" అనేది.